సన్యాసిరావు రక్షణ కొరకు

పోయిన నెల విశాఖపట్నంలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు కాల్లో మేకు దిగింది. పక్క వీధిలో క్లినిక్కుంటే టీటీ సూదికి తీసుకెళ్ళింది. మాస్కు కట్టుకున్న అమ్మాయి జబ్బ మీద దూదితో స్పిరిట్ రాసింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, తల వంచుకుని కూర్చున్నాను.

"అయిపోయింది మేడం, లేవండి" అంది ఆ అమ్మాయి.

"అదేమిటి, ఆమెన్ అనలేదుగా" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను వదిలేసి మా చెల్లెలి వైపు చూసి, "మేడంకి జ్వరం కూడా ఉందా?" అని అడిగింది. ఇంటికొచ్చేదాకా ఆటోలో మేమిద్దరం నవ్వుతూనే ఉన్నాం. నవ్వుతుండగా మా నర్సమ్మత్త బాగా గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే మళ్ళీ నవ్వొచ్చింది. ఆవిడ తలపుకొస్తే ఎవరికైనా అంతే.

ఆవిడ పేరు చెప్పను. చెప్పినా చోడవరంలో సగం మందికి తెలియదు. నర్సమ్మ అంటే మాత్రం బస్సు దిగిన వాణ్ణి ఆటోవాడు నేరుగా గుమ్మం ముందు దించుతాడు. మాకు చుట్టరికమేమీ లేదు. ఎదురింటి ఆవిడ. ఆవిడ భర్తని మా నాన్న బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, డాక్టరు చీటీ తెచ్చుకున్న వాళ్ళకి ఇంటి వసారాలో సూదులు వేసేది. ఆవిడ హస్తవాసి అలాంటిది. బుచ్చయ్యపేట నుంచి కూడా పనిగట్టుకుని వచ్చేవారు.

ఇబ్బందల్లా ప్రార్థనతోనే. స్పిరిట్ రాశాక సూదిని కొవ్వొత్తిలా పైకెత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని, అత్త దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టేది. మనం చెయ్యి లాక్కోలేం. ఆవిడ ఆమెన్ అన్న క్షణంలో సూది దిగుతుంది. మా వీధి పిల్లలు బూచివాడికి భయపడరు. ఆమెన్ అంటే చాలు, మంచం కిందకి దూరతారు.

ప్రార్థనంటే మామూలు ప్రార్థన కాదు. మన గుట్టంతా మన ముందే దేవుడికి ఒప్పజెప్పేది. నాకు నరాల బలహీనతని డాక్టరు వారానికొక బీ ట్వెల్వ్ సూది రాశాడు. నేనప్పటికి ప్రైవేటు బళ్ళో లెక్కల టీచర్ని.

"తండ్రీ, ఈ గుంట నీకు తెలుసు. నోరు పెద్దది. మొన్న హెడ్ మేడంతో తగువాడి వచ్చీసింది. మనసు మంచిదే. నిన్ను నమ్మదు. అయినా దీని గురించి నువ్వు ఏడుస్తన్నావు, నాకు తెలుసు. దీని నరాలు బలపడాల. ఆమెన్."

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఆవిడకి గుంటనే.

ఒకసారి బుచ్చయ్యపేట రైతొకాయన భార్యతో కలిసి వచ్చాడు. అత్త సూది ఎత్తి, "తండ్రీ, ఈయన బీడీలు మానీసేనని పెళ్ళానికి అబద్ధం సెప్పేడు. గోనెసంచి కింద దాసుకుంటన్నాడు" అని మొదలుపెట్టింది. పెళ్ళాం అదే బెంచీ మీద కూర్చునుంది. ఆ రోజు ఆయనకి సూది నొప్పి తెలిసి ఉండదు.

మా ఇంట్లో దేవుడి పటాలకి గోడ చాలదు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి ఏ దేవుడి మీదా గట్టి నమ్మకం లేదు. నమ్మకం లేని వాళ్ళంటే అత్తకి మహా ఇష్టం. రుచి తెలిసిన వంటమనిషికి ఆకలిగా ఉన్నవాడు దొరికినట్టు. కానీ నరకం మాట ఎత్తేది కాదు. బజార్లో మైకు పెట్టి అగ్నిగుండం గురించి అరిచేవాళ్ళు కనిపిస్తే మొహం తిప్పుకునేది.

"బయపెట్టి తెచ్చిన మనిసి ఎన్నాళ్ళుంటాడే? దేవుడు అరవడు. ఏడుస్తాడు."

"అంత పెద్దవాడు ఏడవడమేమిటత్తా?"

"పెద్దోడు గాబట్టే ఏడుస్తాడు. సిన్నోళ్ళకి కోపాలొస్తాయి."

యేసు ఒక పట్నాన్ని చూసి ఏడ్చాడని వాళ్ళ బైబిల్ వాక్యంలో ఉందట. ఆ పట్నం ఎక్కడో సముద్రాల అవతల ఉండటం అత్తకి నచ్చలేదు. తెచ్చి చోడవరంలో పెట్టేసింది. ఆవిడ లెక్కలో ఆయన రోజూ పొద్దున్నే మా ఊరికొస్తాడు. ఆటో స్టాండు దగ్గర కాసేపు ఏడుస్తాడు. ఫ్యాక్టరీకి పోయే బండి వెనకాల పరిగెత్తి చెరుకు గెడలు లాక్కునే పిల్లల్ని చూసి కూడా ఏడుస్తాడు.

"వాళ్ళేం పాపం చేశారత్తా?"

"ఏటీ సెయ్యనేదు. ముద్దొచ్చి ఏడుస్తాడు. మీ నాన్న పేకాట కాడ మటుకు శానాసేపు నిలబడతాడు."

"అంతసేపు నిలబడ్డాడంటే ఆట మీద ఆశ పుట్టిందేమో చూడు."

నెత్తి మీద ఒక్కటి ఇచ్చింది. ఇచ్చి, నాకంటే ముందు తనే నవ్వింది. ఆవిడ నవ్వు మొదలైతే భుజాలు, పొట్ట, చెవి దుద్దులు వరసగా కదిలేవి. చప్పుడు మాత్రం చివర్లో వచ్చేది.

ఇంత చేసిన మనిషికి ఇంట్లోనే ఒక కొరకరాని కొయ్య ఉండేవాడు. ఆవిడ భర్త, మా సన్యాసిరావు మావయ్య. బెల్లం వండేవాడు. గానుగ దగ్గర పాకం మీద పడి చెయ్యి కాలితే కట్టు కట్టడానికి కొత్తగా వచ్చిన నర్సు వెళ్ళింది. చెయ్యి మానేసరికి పెళ్ళి కుదిరిపోయింది. "కట్టు కడతా కడతా ఏదో సదివింది. నేను మందులో బాగమనుకున్నాను" అనేవాడు మావయ్య.

ఆయన మతం మారలేదు, ఆవిణ్ణి ఆపలేదు. ఆదివారం పొద్దున్నే బండి మీద కోటపాడు రోడ్డులో ఉన్న మందిరానికి తీసుకెళ్ళి, తను బయట బండి మీదే కూర్చునేవాడు. గానుగాడే రోజుల్లో వెచ్చటి బెల్లం పొట్లం కట్టి తెచ్చి, ఆరాధన అయ్యాక బయటికొచ్చే పిల్లలకీ పెద్దలకీ తలా ఒక ముక్క పెట్టేవాడు. లోపలికి రావచ్చు కదా మావయ్యా అని నేనొకసారి అడిగాను.

"ఇంటికి ఒకరెల్తే సాలదేటే? పెళ్ళి బోజనాలకి అలాగే ఎల్తాం గదా" అన్నాడు.

మైకు వాడొకడు ఆయన్ని ఆపి నరకం గురించి చెప్పబోతే, "ఎండాకాలం బెల్లం పొయ్యి కాడ నిలబడ్డోణ్ణి బాబూ. నాకు ఏడి గురించి సెప్తావేటి?" అని వాడి చేతిలో కూడా ఒక బెల్లం ముక్క పెట్టి పంపాడు. అత్త ఏడుపు సిద్ధాంతం మాత్రం ఆయనని కొంచెం కదిపేది. "నా గురించి ఏడుస్తన్నాడా? పాపం, మంచినీళ్ళియ్యి" అనేవాడు.

పైకి ఇదంతా మాకు వేళాకోళంగా ఉండేది. అత్తకి కాదు. ఒకరోజు నా జబ్బ మీద దూది అదుముతూ, ఉన్నట్టుండి అంది:

"ఒసే గుంటా, పరలోకంలో అన్నీ ఉంటాయట. మీ మావుండడట. ఆ అన్నిటినీ నేనేటి సేసుకోనే?"

నాకున్న అంత పెద్ద నోరూ ఆ రోజు పనికిరాలేదు. అప్పటినుంచి అత్త ప్రార్థనలని మునుపటిలా వెక్కిరించలేకపోయాను.

వాళ్ళ మందిరంలో ఒక పద్ధతుంది. ఎవరి కోసం ప్రార్థించాలో చీటీ రాసి ఇస్తే, సంఘపెద్ద వాటిని ఒక పుస్తకంలోకి ఎక్కించి, ఆదివారం నిలబడి చదువుతాడు. ఒక్కొక్క పేరుకీ జనమంతా ఆమెన్ అంటారు. ఆ సంఘపెద్ద రిటైరైన డ్రిల్లు మాస్టారు. చిన్నప్పుడు మావయ్యకి బళ్ళో సీనియరు. ఆయన చదివితే ప్రార్థనలా ఉండదు, హాజరు వేసినట్టుంటుంది. "మరియమ్మ మోకాళ్ళ కొరకు." ఆమెన్. "సన్యాసిరావు రక్షణ కొరకు." ఆమెన్. రక్షణంటే వాళ్ళ లెక్కలో నమ్మినవాడికి దొరికే పరలోకం. ముప్పై ఏళ్ళు, వారం తప్పకుండా, మోకాళ్ళ తరవాత సన్యాసిరావు. మైకులో తన పేరు వినపడగానే బయట బండి మీంచి మావయ్య "హాజర్ సార్" అని కేకేసేవాడు. లోపల పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వేవారు. అత్త కళ్ళు మూసుకునే పళ్ళు కొరికేది.

ఒక వేసవిలో మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మావయ్య మళ్ళీ లేవలేదు. ఆయన అన్నదమ్ములు వాళ్ళ ఆచారం ప్రకారం దహనం చేశారు. సంఘం వాళ్ళందరూ వచ్చి వీధిలో నిలబడ్డారు. చాలామంది ఏడ్చారు. ఆయన బెల్లం తినని వాళ్ళు ఆ గుంపులో లేరు.

బండి నడిపేవాళ్ళు లేక ఆదివారాలు అత్తని నా స్కూటీ మీద నేనే తీసుకెళ్ళసాగాను. మొదటి వారం అత్త ఎప్పటిలాగే చీటీ రాసుకొచ్చింది. డ్రిల్లు మాస్టారు దాన్ని చూసి నీళ్ళు నమిలాడు.

"సెల్లెమ్మా, పోయినోళ్ళ కోసం ప్రార్థన సెయ్యడం మన సంగంలో నేదు గదా. పుస్తకంలో పేరు కొట్టీసేను. ఏటీ అనుకోకు."

అత్త తిన్నగా పాస్టరయ్యగారి దగ్గరికి నడిచింది. ఆయన పెద్దాయన, మెత్తని మనిషి. మనిషి బతికున్నంత వరకే మనం అడగగలమనీ, తరవాత తీర్పు దేవుడిదేననీ నెమ్మదిగా చెప్పాడు. అత్త అంతా విని అడిగింది:

"అయ్యగారూ, మా ఇంటాయన గురించి దేవుడు ఏడుస్తన్నాడని ముప్పై యేళ్ళు మీరే సెప్పేరు. నేను నమ్మేను. మరి ఆయన పోయిన రోజున దేవుడు కళ్ళు తుడుసుకున్నాడా? ఇంకొకల గురించి ఏడవడానికి ఎల్లిపోనాడా?"

పాస్టరయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు చివరికి.

ఆ మర్నాటి నుంచి అత్త సూదులు వేస్తూనే ఉంది గానీ ప్రార్థన మానేసింది. స్పిరిట్ రాయడం, పొడవడం, దూది పెట్టడం, అంతే. ఊరు గగ్గోలెత్తిపోయింది. ఇన్నాళ్ళూ ఆమెన్‌కి భయపడిన పిల్లలు, అది వినపడకుండానే సూది దిగేసరికి మోసం జరిగినట్టు ఆవిడ మొహంలోకి చూసి, అప్పుడు ఏడ్చేవారు. బీడీల రైతైతే బతిమాలాడు. "నర్సమ్మా, నా గుట్టంతా సెప్పీ, పరవానేదు. ఆ మాట అనీసి పొడు. ఎప్పుడు దిగుతాదో తెలీక సస్తన్నాను."

నేనూ అడిగాను.

"ఎవులితో మాటాడాలే?" అంది అత్త. "ఆయన ఇంకా ఏడుస్తన్నాడో నేదో తెలీనప్పుడు ఏటని మాటాడాల?"

మందిరానికి మాత్రం మానలేదు. అలిగినా అన్నం వేళకి పీట మీద కూర్చునే రకం. నేను మొదట్లో బయటే ఉండేదాన్ని. ఎండలు ముదిరాక లోపల చివరి వరసలో ఫ్యాను కింద చేరాను. నమ్మకం వేరు, ఫ్యాను వేరు.

అలా నాలుగైదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం వానకి కరెంటు పోయింది. మందిరంలో సగం చీకటి, రేకుల మీద వాన హోరు. డ్రిల్లు మాస్టారు పుస్తకం తెరిచి జేబు తడుముకున్నాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయొచ్చాడు. అయితేనేం, ముప్పై ఏళ్ళ హాజరు పట్టీ నోటికే వచ్చు. పుస్తకం మూసేసి, ఛాతీ విరుచుకుని, మైకు లేకుండానే అందుకున్నాడు.

"మరియమ్మ మోకాళ్ళ కొరకు."

"ఆమెన్."

"సన్యాసిరావు రక్షణ కొరకు."

"ఆమెన్" అన్నారు జనమంతా ఒక్క గొంతుతో. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, వాయిద్యాల వాళ్ళు. నేను కూడా అన్నాను. "హాజర్ సార్" కోసం అందరూ అలవాటుగా గుమ్మం వైపు తలలు తిప్పితే నేనూ తిప్పాను.

గుమ్మంలో వాన తప్ప ఏమీ లేదు. అప్పుడు తెలిసింది అందరికీ ఏం జరిగిందో. డ్రిల్లు మాస్టారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ముందు వరసలో అత్త తల వంచుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని పక్కావిడ వీపు నిమరబోయింది. అంతలో చప్పుడు బయటికొచ్చింది. అత్త నవ్వుతోంది. ఆ నవ్వు ముందు పిల్లలకి అంటుకుంది, తరవాత ఆడవాళ్ళకి, తరవాత మరియమ్మ మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. మందిరం అంత నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

"నాదే తప్పు. కొట్టీసిన పేరు నోట్లోంచి వచ్చీసింది" అన్నాడు డ్రిల్లు మాస్టారు, ఏడుపు మొహంతో.

అత్త లేచి నిలబడింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయ్యగారూ, మరిప్పుడు ఈ ఆమెన్ ఏటవుద్ది? ఎనక్కి తీసుకుంటారా?"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ పాస్టరయ్యగారినే చూశారు. వెనక్కి తీసుకుంటున్నామని ఆయన ఒక్క మాటంటే, అక్కడితో సరి. అత్త ఇక ఆ మందిరం గడప తొక్కేది కాదని నాకు తెలుసు. ఆయన వేదిక దిగి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఆమెన్ అన్నాక అది మన దగ్గరుండదమ్మా. ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది. తిరిగి తెచ్చే అధికారం నాకు లేదు. ఆ రోజు మీరడిగినదానికి ఇవాళ కూడా నాకు జవాబు తెలీదు. కానీ ఇంతమందిమి మరిచిపోలేకపోయిన మనిషిని ఆయన మరిచిపోయి ఉంటాడని అనడానికి నాకు నోరు రావట్లేదు."

అత్త చేతులు జోడించింది. తరవాతి పేరు చదవమని ఆయన డ్రిల్లు మాస్టారికి సైగ చేశాడు. పరీక్షలు రాసే పిల్లల వంతు. వాళ్ళకి ఏ ఏడాదీ అంత గట్టి ఆమెన్ పడి ఉండదు.

ఇంటికి రాగానే అత్త తడి చీరతోనే సూదుల పెట్టె తీసింది.

"కూకో. సూది పొడుస్తాను."

"నా సూది బుధవారం కదత్తా."

"మూడు రోజులు ముందైతే నీ నరాలేటీ అలగవు. కూకో."

ఆ రోజు ప్రార్థన ఎంత సాగిందంటే స్పిరిట్ ఆరిపోయి మళ్ళీ రాయాల్సి వచ్చింది. నా నోరు, మా హెడ్ మేడం, మా నాన్న పేకాట, నాలుగైదు నెలల బాకీ అంతా ఒకే విడతలో తీర్చుకుంది. ఆ తరవాతి ఆదివారాల్లో కూడా డ్రిల్లు మాస్టారు సరిగ్గా మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలోంచి తలెత్తి రేకుల వైపు చూసేవాడు. అక్కడ ఏం వచ్చేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. పాస్టరయ్యగారు ఆ ఒక్క నిమిషం కళ్ళజోడు తుడుచుకునేవాడు.

అత్త పోయిన ఏడాది వెళ్ళిపోయింది. దానికి రెండు వారాల ముందు చూడటానికి వెళ్ళాను. మంచం మీద చిన్నపిల్లంత అయిపోయింది. మాట మాత్రం గట్టిగానే ఉంది. నవ్విద్దామని అడిగాను.

"అత్తా, అక్కడికెళ్ళగానే ముందు ఏం చేస్తావ్?"

"మీ మావేడీ అని అడుగుతాను."

"లేడంటే?"

అనేసి నాలిక కరుచుకున్నాను. అత్త ఏమీ అనుకోలేదు. ఒకప్పటి బెంగ ఆ మొహంలో ఎక్కడా కనిపించలేదు.

"నేడంటే దేవుడి పక్కన కూకుంటాను. ఇన్నాళ్ళూ ఒక్కడే ఏడుస్తన్నాడు గదా, పాపం. తోడుంటాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకోవాలని చూశాను, కుదరలేదు. బొటబొటా కారాయి. అత్త నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట, దుద్దులు.

"ఇదిగో, సూడు. నమ్మను నమ్మను అంటావు. ఆయన పని సగం నేర్సీసుకున్నావు" అంది.